పది నిమిషాల్లో పరువు

మీకు మాత్రమే చెబుతున్నాను. పైకి చదవకండి, మా ఆవిడ వంటింట్లోనే ఉంది.

2016లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆ తర్వాత కొత్తిమీర బండి మీద కూడా క్యూఆర్ కోడు అట్టముక్క వేలాడటం మొదలైంది. దేశమంతా సంతోషించింది. చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టే కొట్టువాళ్ల బెడద తీరిందన్నారు. చిరిగిన పది నోటు ఎవరికి అంటగట్టాలా అనే చింత పోయిందన్నారు. అన్నీ నిజమే. కానీ ఈ మార్పులో నిలువునా మునిగిన వర్గం ఒకటుంది. దాని గురించి ఏ పత్రికా రాయలేదు, ఏ పార్టీ ధర్నా చేయలేదు. ఇంటికి సరుకులు తెచ్చే మొగుళ్లు.

ఎలాగంటారా? మా ఆవిడ ఐదువందల నోటిచ్చి పంపేది. సరుకులు 463 అయ్యేవి. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "480 అయ్యింది, రేట్లు మండిపోతున్నాయి" అని నిట్టూర్చేవాణ్ణి. మధ్యలో మిగిలిన పదిహేడు రూపాయలు నావి. దీన్ని అవినీతి అనకండి, రవాణా భత్యం అనండి. దాంతో ఆ రోజుల్లో ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు దర్జాగా వచ్చేవి. ధరల పెరుగుదల మీద నా ఆవేదన చూసి మా మామగారు, అల్లుడికి దేశం గురించి బెంగ ఎక్కువ అనుకునేవారు.

ఇప్పుడా దారి మూసుకుపోయింది. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా ఉంది, మెసేజ్ వెళ్లేది ఆవిడ ఫోన్‌కి. అది చాలదన్నట్టు బజ్జీల బండి మీద ఒక మాట్లాడే డబ్బా పెట్టారు. ఒక మనిషి చాటుగా నాలుగు మిరపకాయ బజ్జీలు తిందామనుకుంటే, "నలభై రూపాయలు అందాయి" అని అది వీధి చివరిదాకా వినబడేలా తెలుగులో ప్రకటిస్తుంది. తెలుగు భాషాభివృద్ధికి నేను వ్యతిరేకిని కాను. మరీ ఇంత అభివృద్ధి అక్కర్లేదంటాను, అంతే. ఇల్లు చేరేసరికి ఆవిడ గుమ్మంలోనే అడుగుతుంది: "బజ్జీల్లో వాము పెట్టాడా, ఉట్టివేనా?"

అసలు దెబ్బ అదీ కాదు. ఒక పండగ పూట, కడుపు నిండి, మనసు మెత్తబడి ఉన్న సమయంలో ఆ పదిహేడు రూపాయల సంగతి నేనే బయటపెట్టాను. కోప్పడుతుందనుకున్నా. కనీసం ఆశ్చర్యపోతుందనుకున్నా. ఆవిడ వక్కపలుకు నోట్లో వేసుకుని, "తెలుసు. మీ చాయ్ డబ్బులు కలిపే కదా ఇచ్చేదాన్ని" అంది. ఇన్నాళ్లూ ఇంట్లో నేనో గడుసు దొంగనని లోలోపల గర్వపడుతూ బతికాను. తీరా చూస్తే భత్యం మంజూరైన ఉద్యోగిని.

పోయిన చిల్లర గురించి ఇంత బాధ ఎందుకంటే, సరుకులు తేవడం మా వంశంలో పని కాదు, విద్య. మా నాన్న తెనాలిలో నెల మొదటి వారం చీటీ రాసేవారు. ఆయన రాయడం, అమ్మ కొట్టేయడం. "మినుములున్నాయి, రాయకండి. ధనియాలు పావు చాలు." ఆ చీటీ పట్టుకుని శెట్టిగారి కొట్టుకు వెళ్తే, ఆయన పద్దు పుస్తకంలో ఎక్కించుకుని, పాత పేపరులో పొట్లం కట్టి, పైన వేలాడే ఉండలోంచి పురికొస లాగి చుట్టి ఇచ్చేవారు. వెంట వెళ్లిన నాకు గుప్పెడు పుట్నాలపప్పు. చీటీలో లేనిది ఇంట్లోకి రాదు. చీటీలో మర్చిపోయింది మళ్లీ నెల దాకా రాదు. ఒకసారి ఇంగువ రాయడం మర్చిపోతే, నాన్న ఆ నెలంతా మాట్లాడకుండా చారు పోసుకున్నారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న విద్యలు కొన్నున్నాయి. బెండకాయ కొస విరిచి లేతదో ముదురో చెప్పడం. సొరకాయకు గోరు గుచ్చడం. చింతపండు రంగు చూసి ఏ ఏటిదో తేల్చడం. అన్నిటికన్నా గొప్పది, నాలుగు బియ్యపు గింజలు నోట్లో వేసుకుని కటకటా నమిలి బియ్యం వయసు చెప్పడం. సోనా మసూరీ, మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, షుగరున్నవాళ్లకు మంచిదని పేరుపడ్డ తెలంగాణ సోనా, హెచ్ఎంటీ, పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. కొట్లో నలుగురూ చూస్తుండగా నమిలి, కళ్లు మూసుకుని, "ఏడాది పాతవి" అని తీర్పు చెప్పాను. కొట్టువాడు చేతులు జోడించాడు. అది భక్తి అనుకున్నాను. మర్నాడు అన్నం వండితే ముద్ద. మా ఆవిడ గరిటెతో కోసి నా కంచంలో పెడుతూ, "మీరు చెప్పింది నిజమే. ఏడాది పిల్లాడికి పెట్టొచ్చు" అంది.

బియ్యం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క ముక్క. 2022 జులై 18 నుంచి, 25 కిలోల వరకూ ఉండి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. అంతకు మించిన బస్తాకు లేదు. మనవాళ్లు తక్కువ తిన్నారా? 26 కిలోల బస్తా కుట్టేశారు. చట్టం చట్టంగానే ఉంది, బియ్యం బియ్యంగానే ఉన్నాయి, పన్ను మాత్రం తప్పింది. ఆ తెలివికి నేను కూడా చప్పట్లు కొట్టాను, బస్తా ఎత్తేదాకా. పన్ను తప్పించిన ఆ ఒక్క కిలో ఎవరి నడుం మీద పడిందో జీఎస్టీ కౌన్సిల్ ఏనాడూ చర్చించలేదు. పైగా మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు చెడిపోయిన రోజే మా ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. రెండో అంతస్తు మెట్ల మీద బస్తా దించి ఆయాసపడుతుంటే, ఆవిడ పైనుంచి తొంగి చూసి, "పోనీ ఈసారి పది కిలోల సంచి తెండి, ఆ పన్నేదో నేను కడతాను" అంది. నా నడుం విలువ 5 శాతమని అప్పుడే తెలిసింది.

బేరం నా రెండో విద్య. అదీ ఎక్కడ ఓడిందో చెబుతాను. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే తెచ్చి అమ్ముకునే చోటు. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి పెడతారు. ధర రాసి ఉన్నాక బేరమేమిటని నా ప్రతిభను జేబులో పెట్టుకుని ముందుకు నడిచాను. ఆవిడ కూడా బేరమాడలేదు. తోటకూర రైతమ్మ ముందు గొంతుకూర్చుని, "ఏ ఊరు తల్లీ? మీ వైపు వానలు పడ్డాయా?" అని అడిగింది. ఆమె ఊరి సంగతి చెప్పింది, కోడలి సంగతి చెప్పింది. రెండు కట్టలకు డబ్బులిస్తే మూడో కట్ట దానంతటదే సంచిలో పడింది. నేను అదే ప్రశ్న పక్క దుకాణంలో వేసి చూశాను. "ఎంత కావాలి సార్, తొందరగా చెప్పండి" అన్నాడు.

తర్వాత సూపర్ మార్కెట్లు వచ్చాయి. హైదరాబాద్‌లో త్రినేత్ర ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. 2007లో బిర్లాలు దాన్ని కొన్నారు, బోర్డు మారి 'మోర్' అయ్యింది. చల్లటి గాలి, సన్నగా సినిమా పాట, చేతికో ట్రాలీ. కిరాణా కొట్టులో మనం అడిగిందే ఇస్తారు. ఇక్కడ అడగనివి కూడా మనవైపే చూస్తూ నిలబడతాయి. పాలూ పెరుగూ ఎక్కడో లోపలి చివర పెడతారు, బిస్కెట్ల సందు దాటితే గానీ అక్కడికి చేరలేం. ఖరీదైనవి కంటి ఎత్తున, చవకవి కింది అరలో. చవకది కావాలంటే వంగాలి. నా నడుం సంగతి ఇప్పుడే చెప్పాను కదా.

జీలకర్ర కోసం వెళ్లి ఓట్స్, గ్రీన్ టీ, అద్దాలు తుడిచే ద్రావకం, ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న సలాడ్ మీద పోసే ఏదో పులుసు తెచ్చిన రోజులున్నాయి. జీలకర్ర తేలేదని వేరే చెప్పాలా? ఆ తర్వాత ఆవిడ నాతో రావడం మొదలుపెట్టింది. నేను ట్రాలీ తోస్తాను, ఆవిడ వెనక నడుస్తుంది. కొన్నాళ్లకు బిల్లు బాగా తగ్గింది. "చూశావా, నాకు మనోనిగ్రహం వచ్చేసింది" అన్నాను. మా అమ్మాయి ఆపుకోలేక నవ్వేసింది. సంగతేమిటంటే, నేను ట్రాలీలో వేసినవన్నీ మా ఆవిడ వెనకనుంచి ఒక్కొక్కటీ తీసి, ఎక్కడివక్కడ అరల్లో సర్దుకుంటూ వస్తోందట.

నాకు ఫ్యామిలీ ప్యాక్ అంటే గౌరవం. పెద్దది కొంటే చవకని ఎవరు చెప్పారో తెలియదు గానీ నమ్మేశాను. ఇప్పుడు ప్యాకెట్ మీద ఎమ్మార్పీతో పాటు గ్రాముకెంత, మిల్లీలీటరుకెంత అని కూడా వేయాలి. తూనికలు కొలతల శాఖ నిబంధన. ఆ అంకెలు చదవాలంటే అద్దాలూ, వెలుతురూ, ఓపికా మూడూ కావాలి. నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువవుతుంది. ఆవిడ మాత్రం పెద్ద షాంపూ సీసా పక్కన సాచెట్ల దండ పెట్టి లెక్క చూపించింది. సాచెట్లే చవక. సగం వీధి వినేలా "ఫ్యామిలీ ప్యాక్ తెచ్చానోయ్" అని ప్రకటించుకున్నందుకు ఇంకా సిగ్గుగానే ఉంది. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఇన్నేళ్లయినా పదే ఉందని నేను మురిసిపోతుంటే, ధర అక్కడే ఉంది, బిస్కెట్లే తగ్గాయి నాన్నా అని చెప్పింది మా అబ్బాయి. వాడికి లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. తిండి లెక్కలో మాత్రం తప్పడు.

ఇక అసలు సంగతికొస్తాను. ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మంలోకొచ్చే సరుకులు.

2021లో గ్రోఫర్స్ పేరు మార్చుకుని బ్లింకిట్ అయ్యింది. స్టాన్‌ఫర్డ్ చదువు వదిలేసి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు జెప్టో పెట్టారు. ఇన్‌స్టామార్ట్ నడిపే స్విగ్గీ పెట్టినవాళ్లలో ఒకాయన మన విజయవాడ అబ్బాయే, మాజేటి శ్రీహర్ష. బెజవాడవాడు కాళేశ్వరరావు మార్కెట్ రద్దీ తప్పించుకోవడానికి ఎంత దూరమైనా ఆలోచిస్తాడని నేను మా ఇంట్లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాను. ఎవరూ పట్టించుకోలేదు. చదువు వదిలేసినవాళ్ల కథ విని మా అబ్బాయి కళ్లు మెరిశాయి. ఆ మెరుపును మాత్రం వాళ్లమ్మ ఒక్క చూపుతో ఆర్పేసింది.

సరుకులు తెచ్చే కుర్రాళ్లు ఊరి బయట గోదాము నుంచి గాల్లో ఎగిరి వస్తారనుకునేవాణ్ణి. కాదట. మన ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపలే ఒక చిన్న గోదాము పెడతారు. డార్క్ స్టోర్ అంటారు దాన్ని. కొనేవాళ్లెవరూ అడుగుపెట్టని కొట్టు. మనం ఇక్కడ నొక్కగానే అక్కడ ఒకరు అర నంబరు చూసుకుని, ఏరి సంచిలో వేస్తారు, ఇంకొకరు గుమ్మం దగ్గర బండి స్టార్ట్ చేసి ఉంటారు. ఏ పేటలో ఏ గంటకు ఏది అమ్ముడవుతుందో ముందే లెక్క కట్టి సరుకు నింపుతారు. మా వీధిలో రాత్రి పదకొండింటికి ఐస్‌క్రీమ్ తినేది ఎవరో ఆ లెక్కకు తెలుసు. దురదృష్టం కొద్దీ మా ఆవిడకీ తెలుసు.

మా అమ్మాయి నా ఫోన్లో యాప్ ఒకటి పెట్టి ఇచ్చింది. దాని పేరు చెప్పను, తప్పు దానిది కాదు. ఆ రోజు దోసకాయ పప్పు అనుకున్నాం. సంచి తీయబోతున్న ఆవిడను ఆపి, "ఉండు" అన్నాను, అరచేయి చూపించి. దోసకాయ అని కొట్టగానే వచ్చిన మొదటి బొమ్మ నొక్కాను. అద్దాలు టీవీ మీద ఉన్నాయి, నేను సోఫాలో ఉన్నాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. గంట మోగింది. విజయగర్వంతో సంచి విప్పితే పచ్చటి కీర దోసకాయలు, సన్నగా, నాజూగ్గా. పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతోంది. ఆవిడ ఒక కీర తీసి చక్రాలుగా తరిగి నా చేతిలో పెట్టి, "కళ్ల మీద పెట్టుకుని కాసేపు పడుకోండి" అంది. తను సంచి తీసుకుని కిందికి వెళ్లింది.

ఆ పరాభవం నుంచి కోలుకుని, రెండోసారి కరివేపాకు తెప్పించాను. కరివేపాకు చూడండి, మన జీవితంలో ఏనాడైనా కొన్నామా? కూరగాయలు కొంటే కొసరుగా వచ్చేది. యాప్‌లో దానికో ఫొటో, ధర, బరువు, ఎన్ని నక్షత్రాలో కూడా. నొక్కాను. డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ, బుట్ట చిన్నదైనందుకు ఒక ఛార్జీ, పైన వాన పడుతోందని ఇంకో ఛార్జీ. కరివేపాకు కన్నా దాని పరివారం ఖర్చెక్కువ. ఇంకో నూట యాభై రూపాయల సరుకు కొంటే డెలివరీ ఉచితం అని ఊరించింది. నాకు ఉచితం అన్న మాట వినబడితే ఇంకేదీ వినబడదు. చిప్స్, సబ్బు, ఎవరూ తినని మష్రూమ్స్ కలిపాను. ఆవిడ బిల్లు చూసి నెమ్మదిగా అడిగింది: "ముప్ఫై రూపాయలు మిగల్చడానికి నూట యాభై పెట్టారు. మీరు ఆఫీసులో ఏ సెక్షనండీ?" అకౌంట్స్ అని ఆవిడకు తెలుసు.

అన్యాయం ఏమిటంటే ఈ యాప్‌లు మనల్ని మాటల్తో కూడా పడగొడతాయి. ఒకటి చూపించి, కావాలి అన్న బొత్తాన్ని పెద్దగా, రంగుగా పెడతారు. వద్దు అనాలంటే, "నాకు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అని ఒప్పుకుంటేనే కుదిరేలా చిన్న అక్షరాల్లో పెడతారు. అంత మాట నా నోటితో ఎలా అంటాను? కావాలి అనే నొక్కుతాను. దీని మీద నిబంధనలే ఉన్నాయని మా అమ్మాయి చెప్పింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి 13 రకాల మాయలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. మనకు చెప్పకుండా బుట్టలో ఏదో కలిపేయడం, అయిపోతోంది అయిపోతోంది అని లేనిపోని తొందర పెట్టడం, చివర్లో ఛార్జీలు ఒక్కొక్కటే బయటకు తీయడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఆఖరిది విని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. "అది కూడా నిషేధమేనా? మరి మిమ్మల్ని పెళ్లిళ్లకు తీసుకెళ్లడం ఎలా?" అంది.

మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. సోలలూ గిద్దలూ కొలిచిన చెయ్యి. ఇంట్లో ఈ కొత్త వ్యవహారం ఆవిడ మౌనంగా గమనిస్తూ వచ్చింది. ఒకరోజు సరుకులు తెచ్చిన కుర్రాడు సంచి అందించి వెనక్కి తిరగబోతుంటే, "బాబూ, ఇంత కొన్నామే, కొసరేదీ?" అని నిలదీసింది. వాడు బిత్తరపోయి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "అది యాప్‌లో లేదు నానమ్మా" అన్నాడు పాపం. "అయితే యాప్‌లో ఉన్నవాడితో చెప్పు" అంది. దేశంలో ఈ వ్యాపారం మీద ఇంత సూటి విమర్శ నేను ఇంకెక్కడా వినలేదు.

నవ్వు రాని సందర్భం కూడా ఒకటి చెప్పాలి. జోరున వాన. క్రికెట్ మ్యాచ్. నాకు పాప్‌కార్న్ తినాలనిపించింది. తలుపు తీస్తే మా అబ్బాయి వయసు కుర్రాడు, రెయిన్‌కోటు లోంచి కూడా తడిసిపోయి, చేతిలో నా పాప్‌కార్న్ మాత్రం పొడిగా పట్టుకుని నిలబడ్డాడు. మా ఆవిడ తువ్వాలు ఇచ్చి, వేడి టీ ఇచ్చి, వద్దు మేడమ్ ఇంకో ఆర్డరుంది అంటున్నా తాగించి పంపింది. ఆర్డరుకు ఇంత అని డబ్బులట, ఆగితే గిట్టదట. వాడు వెళ్లాక నాతో ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాను. డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. నేనేమో పెరుగు ప్యాకెట్ కూడా ఇంటికి తెప్పించుకుని, అలా మిగిలిన టైములో టెర్రస్ మీద గుండ్రంగా నడుస్తున్నాను. పెరుగు దొరికేది మా గేటుకు ఎదురుగానే.

నా ఉద్దేశం అడిగితే చెబుతాను. ఈ పది నిమిషాల వ్యవహారం కొన్నది కాళ్ల శ్రమను కాదు, మన మతిమరుపును. చీటీ రోజుల్లో మర్చిపోతే నెలంతా చప్పగా తినేవాళ్లం, అందుకని ముందే ఆలోచించేవాళ్లం. ఇప్పుడు మర్చిపోతే ఛార్జీ కడితే చాలు. పోపు మాడుతుండగా ఆవాలు తెప్పించుకోవచ్చు. నాలాంటి మతిమరుపు మనుషులు దేశంలో ఎంతమంది ఉన్నారో ఆ పెట్టుబడులు పెట్టినవాళ్లకు బాగానే తెలుసు.

మా ఇంట్లో నేను తప్ప ఎవరూ ఆ ఉచ్చులో పడలేదు. మా ఆవిడ అన్నిటినీ వాడుకుంటుంది, దేనికీ లొంగదు. బియ్యం, పప్పులు మా వీధి కిరాణా సేటు దగ్గర. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే కుర్రాడితో పైకి పంపిస్తాడు, నెలాఖరున లెక్క. ఆ 26 కిలోల బస్తా కూడా ఇప్పుడు వాళ్లే మోస్తున్నారు. నేను అన్నేళ్లు మోశాక తెలిసింది, అడిగితే చాలట. కూరగాయలు రైతుబజారు, లేదంటే వీధిలో వారానికోసారి పెట్టే మార్కెట్. అక్కడికి చీకటి పడేవేళకు వెళ్తుంది, మూట కట్టేసే తొందరలో వాళ్లే రేటు తగ్గిస్తారని. నూనెలు, సబ్బులు పెద్ద మార్టులో. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గితే, పాత ధర ప్యాకెట్లూ కొత్త ధర ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టుకుని చూసి మరీ తెచ్చింది. యాప్ ఎప్పుడంటారా? చెప్పకుండా చుట్టాలు దిగినప్పుడు, అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు. అదీ మూడు యాప్‌లలో ధర చూసి, టిప్పు దగ్గర ఎంత ఇవ్వాలో తనే ఆలోచించి, ఇస్తుంది. వాన ఉంటే నొక్కదు.

ఈ ఏర్పాటులో నా స్థానం ఏమిటని ఆ మధ్య అడిగాను. కాస్త నిష్ఠూరంగానే అడిగాను. ఏరే విద్య అక్కర్లేదు, బేరం అక్కర్లేదు, చిల్లర లేదు, మోతకు సేటు కుర్రాడున్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "మీకు డెలివరీ ఛార్జీ లేదు, వాన ఛార్జీ లేదు. ఒక్క కట్ట కొత్తిమీరకైనా వెళ్తారు. మీకన్నా చవక ఎక్కడ దొరుకుతుంది?" అంది. పెళ్లయ్యాక నాకు దక్కిన మెప్పుల్లో దీన్ని పైవరసలోనే పెట్టుకున్నాను. మర్నాటి నుంచి కొత్తిమీర, పెరుగు, అమ్మ మందులు నా శాఖ.

ప్రస్తుతం నా హ్యాండ్లింగ్ ఛార్జీ సాయంత్రం ఒక ఫిల్టర్ కాఫీ, ఆదివారం అయితే దాంతో పాటు రెండు పకోడీలు. మీ ఇంట్లో రేటు ఇంతకన్నా ఎక్కువ నడుస్తుంటే దయచేసి నాకు కబురు పెట్టండి, బేరానికి పనికొస్తుంది. తక్కువైతే మాత్రం పుణ్యముంటుంది, ఆ మాట మా ఆవిడ చెవిన పడనివ్వకండి.